వారం సెలవు, ఏడు చోట్ల ప్లాన్: మూడు కొట్టేసి ఒక్క చెరువుకే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి

పిట్టల్ని చూడటం కొత్తగా మొదలుపెడుతూ, సెలవు వారంలో ఎక్కడెక్కడ తిరగాలో మీరు రాసి పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. సోమవారం అమీన్‌పూర్, మంగళవారం అనంతగిరి, బుధవారం మంజీర, గురువారం నర్సాపూర్ అడవి, శుక్రవారం కేబీఆర్ పార్కు, శనివారం గండిపేట, ఆదివారం గ్రూప్ వాక్. కూకట్‌పల్లి నుంచి, స్కూటీ మీద. పదేళ్ళ పాపని రెండు రోజులకి మించి బడి మానిపించలేనన్నారు. ఫిబ్రవరి మధ్యలో వారం సెలవు దొరికింది, దాని చివర్లోనే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ (ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెట్టే నాలుగు రోజులు) పడింది, కాబట్టి ఒక్క పూట కూడా వృథా కాకూడదన్న మీ ఆత్రం నాకు అర్థమవుతుంది. నేనూ అలాగే తిరిగాను. ఈ పిచ్చి పట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో మొదటి మూడేళ్ళు పెట్రోలు కాల్చడమే తప్ప నేర్చుకున్నది తక్కువ.

సూటిగా చెప్తాను. అనంతగిరి, మంజీర, నర్సాపూర్ మూడూ కొట్టేయండి. అమీన్‌పూర్ చెరువుకి వారంలో మూడుసార్లు వెళ్ళండి.

ఎందుకో చెప్పనివ్వండి. అనంతగిరి మీ ఇంటి నుంచి డెబ్భై ఎనభై కిలోమీటర్లు. చీకట్లో బయల్దేరినా, పాపకి పాలు, మధ్యలో టీ, చేరేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి అడవిలో పిట్టల సందడి సగం అయిపోతుంది. పైగా అడవి పిట్టలు కొత్తవాళ్ళకి చాలా కష్టం. ఇరవై గొంతులు వినపడతాయి, మూడు పిట్టలు కనపడతాయి, అందులో రెండు తోక చూపించి ఎగిరిపోతాయి. పాప పది నిమిషాల్లో రాళ్ళు ఏరుకోవడం మొదలుపెడుతుంది. చెరువు దగ్గర అలా కాదు. పిట్టలు పెద్దవి, బయటే ఉంటాయి, ఉన్నచోటే అరగంట తింటూ ఉంటాయి. మీరు పుస్తకం తీసి, పేజీ తిప్పి, మళ్ళీ చూసినా అక్కడే ఉంటాయి. నేర్చుకోవడానికి ఇంతకంటే ఓపికైన పంతులు దొరకదు.

అమీన్‌పూర్ కుతుబ్‌షాహీల నాటి చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరం పక్కనున్న చెరువుకి అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. ఆ గుర్తింపు వచ్చాక కూడా మురుగు వస్తూనే ఉంది, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, అది వేరే గొడవ. మియాపూర్ మీదుగా పొద్దున్నే అయితే స్కూటీ మీద అరగంటలో చేరిపోతారు. ఫిబ్రవరి మధ్యలో మనకి ఆరూ నలభై ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఆరున్నరకి గట్టు మీద ఉండండి.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోకండి: పొద్దున చూసేటప్పుడు సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. కొత్తవాళ్ళందరూ బండి ఎక్కడ ఆపితే అక్కడే నిలబడి, సూర్యుడికి ఎదురుగా చూసి, "అన్నీ నల్లగా ఉన్నాయండీ" అంటారు. పొద్దున తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడండి, సాయంత్రం ఎదురు గట్టుకి మారండి. అంత చిన్న మార్పుతో అవే పిట్టలకి రంగులొస్తాయి.

మొదటి రోజు, సోమవారం, పాప బడికి వెళ్తుంది కాబట్టి మీరొక్కరే వెళ్ళండి. ఆ రోజు ఒకే పని పెట్టుకోండి: కూట్‌ని నేర్చుకోండి. ఒళ్ళంతా బొగ్గు నలుపు, నుదుటి మీద విభూతి పెట్టినట్టు తెల్లటి బిళ్ళ. ఎక్కువగా కనిపించేది అదే. బాతు అనుకుంటారు, బాతు కాదు, నీటికోళ్ళ జాతి. దాని నడక, ఈత, కొట్లాట, ఎగరాల్సి వస్తే నీళ్ళ మీద పరుగెత్తుకుంటూ లేచే తీరు, అన్నీ గంటసేపు చూడండి. విసుగనిపిస్తుంది, నిజమే. కానీ కూట్ మీకు మనసులో కూర్చున్నాక, ఆ నల్లటి మందలో ఒకటి కొంచెం వేరుగా కదిలితే దాన్ని కన్ను తనంతట తానే పట్టుకుంటుంది. మూతి గరిటెలా వెడల్పుగా ఉందా, షోవెలర్ బాతు. అరచేతిలో పట్టేంత ఉండి, చూస్తుండగానే బుడుంగున మునిగి పది గజాల అవతల తేలిందా, లిటిల్ గ్రీబ్. ముక్కు చివర పసుపు చుక్క ఉందా, స్పాట్ బిల్డ్ బాతు. మెడ పాములా పైకి పెట్టి ఒళ్ళంతా ముంచేసిందా, నీటికాకో దాని చుట్టమో. మొదటిరోజు మీకు ఎనిమిది జాతులు ఖాయంగా తెలిస్తే చాలు. ముప్పై రాసుకున్నారంటే ఇరవై తప్పు.

బుధవారం సాయంత్రం బడి అయ్యాక పాపని తీసుకుని అదే చెరువుకి. నాలుగున్నరకి చేరండి. ఈసారి పాపకి మీరే పంతులు. "అది బాతు కాదు, కూట్" అని మీరు అన్నప్పుడు పాప ముఖం చూడండి.

సాయంత్రం చెరువు పూర్తిగా వేరే ఊరు. గట్టు పక్క గుర్రపుడెక్క మీద ఊదారంగు నీటికోళ్ళు ఎర్రటి కాళ్ళు ఎత్తెత్తి నడుస్తుంటాయి. జకానాలు ఆకుల మీద తేలిగ్గా పరుగెడతాయి. వాటి వేళ్ళ పొడవు చూపించండి పాపకి, ఆ పొడుగు వేళ్ళే బరువుని పంచుతాయి కాబట్టి ఆకు మునగదు. నలుపూ తెలుపూ గళ్ళ లకుముకిపిట్ట ఒకటి గాల్లో ఉన్నచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందికి పెట్టి, టపీమని రాయిలా పడుతుంది. ఐదుసార్లకి ఒకసారి చేప దొరుకుతుంది. పాప చేత లెక్క వేయించండి.

అదృష్టం బాగుంటే ఆ వేళకి మార్ష్ హ్యారియర్ వస్తుంది. గోధుమరంగు గద్దజాతి పక్షి, రెక్కలు కొంచెం పైకెత్తి, జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ. అది కనపడీ కనపడకముందే చెరువంతా చెదిరి ఉన్న కూట్‌లు ఒక్కచోటికి దూసుకొచ్చి నల్లటి చాప పరిచినట్టు ముద్దగా అయిపోతాయి. ఒంటరిగా దొరికినదాన్నే అది ఎత్తుకుపోతుంది, మందలోంచి ఒకదాన్ని ఏరుకోవడం దానికి కష్టం. మీరు హ్యారియర్‌ని వెతకనక్కర్లేదు, కూట్‌లు ఎప్పుడు ముద్దకడుతున్నాయో చూడండి, ఆ తర్వాత తలెత్తండి. నాకిది ఎవరూ చెప్పలేదు. ఒకే గట్టు మీద ఆరేడుసార్లు కూర్చున్నాక తెలిసింది.

పొద్దు గుంకే ముందు గులాబీ గోరింకలు వస్తాయేమో చూడండి. ఒళ్ళు గులాబీ, తల రెక్కలు నలుపు. మధ్య ఆసియా నుంచి శీతాకాలానికి వచ్చి ఏప్రిల్ దాకా ఉంటాయి. పడుకోవడానికి జమ్ములోకి దిగేముందు వందలు వందలుగా గుంపు కట్టి ఆకాశంలో మడతలు పడుతూ తిరుగుతాయి. ప్రతిరోజూ ఒకే చెరువుకి వస్తాయన్న భరోసా లేదు. రాకపోతే కొంగలు బారులు తీరి వెళ్ళడం చూసి ఇంటికి రండి.

ఇక బైనాక్యులర్స్. 8x42 కొనండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది కొంటే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, ఎగిరే పిట్ట దొరకదు. ఏడెనిమిది వేల నుంచి పన్నెండు వేల లోపు పనికొచ్చేవి ఉన్నాయి. తిప్పితే దగ్గరా దూరమూ మారే జూమ్ బైనాక్యులర్స్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. నా మొదటిది అదే, ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో కొన్నాను. రెండు కళ్ళకీ రెండు వేర్వేరు పిట్టలు కనపడేవి. ఆర్నెల్లు నా కళ్ళే బాలేవనుకున్నాను.

పాపకి విడిగా కొనాలా అంటే, ముందు మీది పాప కళ్ళకి సరిపోతుందో చూడండి. పిల్లల కళ్ళ మధ్య దూరం తక్కువ. షాపులోనే బైనాక్యులర్స్‌ని పూర్తిగా మడిచి పాప చేత చూపించండి. ఒకే గుండ్రటి బొమ్మ కనిపిస్తోందంటే పర్వాలేదు, రెండు గుండ్రాలు కనిపిస్తున్నాయంటే పాపకి 8x30 లాంటి చిన్నది, తేలికైనది కావాలి. కళ్ళద్దాలున్న వాళ్ళయితే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయాలి, లేకపోతే సొరంగంలోంచి చూసినట్టుంటుంది.

కొన్నాక ఇంట్లో పది నిమిషాలు ఒక పని చేయండి. ఎదురుగా ఏదైనా బోర్డు ఎంచుకోండి. కుడివైపు అద్దానికి మూత పెట్టి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి అక్షరాలు స్పష్టంగా చేసుకోండి. తర్వాత ఎడమ అద్దానికి మూత పెట్టి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగు తిప్పండి. ఆ రింగు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఇక దాన్ని కదపొద్దు. సగం మంది ఈ పని చేయక "నా బైనాక్యులర్స్ మసగ్గా ఉంటుందండీ" అంటూ ఏళ్ళ తరబడి తిరుగుతారు. ఇంకోటి, పిట్ట కనపడగానే తల దించి బైనాక్యులర్స్ వైపు చూడకండి. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా, బైనాక్యులర్స్‌నే కళ్ళ ముందుకి తెచ్చుకోవాలి. బాల్కనీలోంచి కాకుల మీద వంద సార్లు సాధన చేస్తే వచ్చేస్తుంది.

పేర్లు ఎలా గుర్తుపట్టాలి అన్నారు. రంగుతో మొదలుపెట్టకండి. ముందు సైజు. మనకి నాలుగు కొలబద్దలు చాలు: పిచ్చుక, గోరింక, కాకి, గద్ద. "గోరింక కంటే పెద్దది, కాకి కంటే చిన్నది" అని పాప చేత అనిపించండి. తర్వాత ఎక్కడుంది, ఏం చేస్తోంది. నేల మీద తోక ఆడిస్తూ గబగబా నడుస్తోందా, కాటుకపిట్ట. తీగ మీంచి లేచి పురుగు పట్టి మళ్ళీ అదే చోటికి వచ్చిందా, పసరికపిట్టో, పసులపోలిగాడో. రంగు చివర్న చూడండి.

మన పేర్లు కూడా నేర్పించండి. ఆ పేర్లలోనే గుర్తు దాగి ఉంటుంది. గట్టు పక్కన మట్టిరంగులో ముడుచుకుని కూర్చుని, మీరు నాలుగు అడుగుల దాకా వచ్చినా కదలని కొంగని మనవాళ్ళు గుడ్డి కొంగ అన్నారు. అది గుడ్డిది కాదు, కదలకపోతే తనని ఎవరూ చూడలేరన్న ధీమా. చివరి క్షణంలో లేచినప్పుడు తెల్లటి రెక్కలు ఒక్కసారి విప్పుకుని కొత్త పక్షి అయిపోతుంది. ఇంగ్లీషులో పాండ్ హెరాన్. పాప ఒక్కసారి అది లేవడం చూస్తే ఇక జన్మలో మర్చిపోదు. అలాగే తీతువుపిట్ట. అరిస్తే అపశకునమని మా అమ్మమ్మ నీళ్ళు చల్లేది. అది అరిచేది మనల్ని చూసే, నేల మీద పెట్టిన గుడ్ల దగ్గరికి మనం వెళ్ళామని.

పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకోండి, ఉచితమే. కానీ అది గొంతు విని చెప్పిన పేరుని అలాగే రాసేయకండి. అది చెప్పింది ఒక సలహా. ఆ వైపు తిరిగి పిట్టని కంటితో చూశాకే రాయండి. పిల్లలు ఫోన్ తెరమీద పేర్లు వెలగడం చూస్తూ తలెత్తడం మానేస్తారు, అందుకని నేను పిల్లలతో వెళ్ళినప్పుడు మొదటి అరగంట ఫోన్ జేబులోంచి తీయను.

తప్పులు చేస్తామేమో అని భయపడుతున్నారు కాబట్టి నాది ఒకటి చెప్తాను. మొదటి ఏడాది ఒక క్యాంపస్‌లో వాక్‌కి వెళ్ళాను. రావిచెట్టులో పొడుగాటి తోక, ఒళ్ళంతా గోధుమ మీద తెల్లచుక్కలు, ఎర్రటి కళ్ళు. పాతికమంది ముందు "ఇది ఏదో అరుదైన డేగ" అని గట్టిగా ప్రకటించాను. గ్రూప్‌లో పెద్దాయన ఏమీ అనలేదు. పుస్తకం తెరిచి పేజీ నా ముందు పెట్టారు. ఆడకోయిల. చిన్నప్పటి నుంచి కోయిల పాట వింటున్నాను, మగదాన్ని నల్లగా చూశాను, ఆడది అలా ఉంటుందని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. మీరు కూడా ఇలాంటివి చేస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు, అందరి దగ్గరా ఒక ఆడకోయిల కథ ఉంటుంది.

మంగళవారం పొద్దున కేబీఆర్ పార్కుకి ఒక్కరే వెళ్ళి రండి. వాకర్స్ గోల ఉంటుంది, కానీ నెమళ్ళు ఆ గోలకి అలవాటు పడిపోయాయి. పొదల్లో జెముడుకాకి, కొమ్మల్లో సాత్ భాయ్ అనే మట్టిరంగు పిట్టల గుంపు, చెట్టు మొదట్లో కౌజుపిట్టలు. అడవి రుచి కావాలంటే అది చాలు. గంటన్నర చూసి ఇంటికొచ్చి పడుకోండి. సెలవు కదా.

గురువారం పాపని బడి మానిపించండి, అది నా లెక్కలో విలువైన రోజు. ఔటర్ రింగ్ రోడ్డు దాటి శంకర్‌పల్లి వైపు వెళ్ళండి. ఫలానా చోటు అని లేదు. మెయిన్ రోడ్డు వదిలి పొలాల మధ్య దారి పట్టుకుని నెమ్మదిగా, ఇరవై స్పీడులో. తీగల మీద చూడండి. దూరానికి మట్టిరంగుగా కూర్చున్న పక్షి రెక్క విప్పగానే నీలం తళుక్కుమంటే అది పాలపిట్ట. తెలంగాణ రాష్ట్రపక్షి, దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని ఊరు దాటి వెళ్తాం. కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి గుడి ముందు డబ్బులకి చూపిస్తారు. చట్టప్రకారం అది నేరం, అలా చూపించేవాళ్ళకి రూపాయి ఇవ్వకండి.

ఇదే దారిలో మోదుగ చెట్లు కనిపిస్తే ఆగిపోండి. ఫిబ్రవరిలో ఆకు రాలి పూతకొస్తాయి. ఒక్క పూసిన మోదుగ కింద ఇరవై నిమిషాలు నిలబడితే అడవంతా తిరిగినంత. తేనెపిట్టలు, పిగిలిపిట్టలు, గోరింకలు, బుధవారం చెరువులో కనపడకపోతే ఆ గులాబీ గోరింకలు కూడా, ముఖాలకి పసుపు పుప్పొడి పూసుకుని, ఒకదాన్నొకటి తరుముకుంటూ. బూరుగ చెట్టు దొరికినా అంతే.

ఒకప్పుడు ఈ దారంతా గడ్డిబీళ్ళు. ఇప్పుడు వెంచర్లు. ప్లాట్ల హద్దురాళ్ళకి తెల్లసున్నం, ఎర్రరంగు. ఆ రాళ్ళ మీదే నల్లటి చిన్న పిట్ట, భుజం మీద తెల్లమచ్చ, కూర్చుని తోక ఆడిస్తుంది. పైడ్ బుష్‌చాట్ మగది. ఒక్కో రాయి మీంచి ఇంకో రాయికి ఎగురుతూ ప్లాట్లు చూసుకుంటున్నట్టే ఉంటుంది. ఇళ్ళు లేచేదాకా దానికి అది బాగానే ఉంది.

శుక్రవారం నుంచి సోమవారం దాకా కౌంట్. దీని గురించి చాలామందికి అపోహ ఉంది, నిపుణులు చేసేదనుకుంటారు. 1998లో అమెరికాలో కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి, 2013 నుంచి ప్రపంచమంతా, మనదేశంతో సహా, చేస్తున్నారు. నిబంధన ఒక్కటే: ఎక్కడైనా కనీసం పదిహేను నిమిషాలు చూసి, చూసిన వాటి లెక్కని పక్షుల లెక్కలు దాచే యాప్ ఈబర్డ్‌లో పెట్టాలి. మనదేశంలో బర్డ్ కౌంట్ ఇండియా వాళ్ళు దీన్ని నడిపిస్తారు. బడులు, కాలేజీలు చేసేదాన్ని క్యాంపస్ బర్డ్ కౌంట్ అంటారు. మీ పాప టీచర్‌ని సోమవారమే అడిగి చూడండి. శుక్రవారం ప్రేయర్ అయ్యాక ఒక క్లాసు పిల్లలు గ్రౌండ్‌లో పదిహేను నిమిషాలు నిలబడి పావురాలు, కాకులు, గోరింకలు, గద్దలు లెక్కపెడితే చాలు. టీచర్లు భయపడేది పేర్లు తెలియవని. మీరు వెళ్ళి పక్కన నిలబడతానంటే ఒప్పుకుంటారు.

లెక్కపెట్టడం గురించి. చెరువులో మూడువందల కూట్‌లు ఉంటే ఒక్కోటీ లెక్కపెట్టలేరు. ముందు ఒక మూల పది లెక్కపెట్టండి. ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో కొలుచుకోండి. ఆ కొలతని మంద మీద పరుచుకుంటూ పోండి, పది, ఇరవై, ముప్పై. కల్లంలో రాశి చూసి ఎన్ని బస్తాలో చెప్పే రైతు చేసేది ఇదే. పాతిక అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, అంకె రాయండి.

ఈబర్డ్ చివర్లో ఒకటి అడుగుతుంది: మీరు గుర్తుపట్టినవన్నీ రాశారా అని. అవును అనగలిగేలా రాయండి. పాలపిట్ట ఒక్కటే గొప్పగా రాసి కాకుల్ని వదిలేస్తే ఆ లిస్ట్ పెద్దగా పనికిరాదు. అన్నీ రాసిన లిస్ట్‌లో పాలపిట్ట లేదంటే, ఆ పూట అక్కడ వెతికినా కనపడలేదని అర్థం. అలాంటి లిస్ట్‌లు వేలల్లో పోగైతేనే ఏది తగ్గుతోందో తెలుస్తుంది. 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక అలా 30,000 మంది పెట్టిన 3 కోట్ల నమోదుల మీద నిలబడి 942 జాతుల పరిస్థితి చెప్పింది. బాగా తగ్గిపోతున్నవాటిలో మన పాలపిట్ట కూడా ఉంది. 1931, 32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశారు, అప్పుడు ఆయన ఒక్కరి నోట్సే దిక్కు. ఇప్పుడు మీ పాప రాసిన కాకుల లెక్క కూడా ఆ ఖాతాలోకే పోతుంది. ఏదైనా అరుదైనది రాస్తే రివ్యూ చేసేవాళ్ళు వివరాలు అడుగుతారు. దాన్ని అవమానం అనుకోవద్దు, మాకందరికీ వస్తాయి ఆ మెయిల్స్.

శనివారం గండిపేటని ఇంకోసారికి వదిలేసి, పిట్టలకి సెలవివ్వండి. మన ఊళ్ళో రాళ్ళని కాపాడటానికి 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు రాక్ వాక్‌లు పెడుతుంటారు, ఆ వారం ఏదైనా ఉందేమో చూడండి. ఈ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. పాపకి ఆ సున్నాలు రాయించండి. ఇలాంటి గుట్టల సందుల్లోనే పెద్ద గుడ్లగూబలు గూడు పెడతాయి. కనపడినా ఎవరికీ లొకేషన్ పంపకండి. ఒక గుడ్లగూబ జాడ వాట్సాప్‌లో పడితే మర్నాడు ఇరవై కెమెరాలు వస్తాయి, వారంలో అది ఆ చోటు వదిలేస్తుంది. నేను నా కళ్ళతో చూశాను. వాక్ ఏమీ లేకపోతే మీ కాలనీలో చెట్లకి వేలాడుతున్న మాంజా తీయించండి. సంక్రాంతి పోయి నెలైనా అది అలాగే ఉంటుంది, నైలాన్ మాంజాని గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా సరే. గద్దలు, గబ్బిలాలు దాంట్లోనే చిక్కుకుంటాయి. పిల్లలు చెట్టెక్కకుండా, పొడుగు కర్రకి కొక్కెం కట్టి కిందనుంచే లాగాలి.

ఆదివారం గ్రూప్ వాక్. కొత్తవాళ్ళని పట్టించుకుంటారా అని మీ అనుమానం. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ ఉన్నారు, 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలైన సంఘం. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ ఉన్నారు. కౌంట్ వారంలో ఎవరో ఒకరు ఏదో ఒక చెరువు దగ్గర తప్పకుండా వాక్ పెడతారు, చాలావరకు ఉచితం. వీలైతే అమీన్‌పూర్‌లోనే జరిగేది ఎంచుకోండి, అప్పుడు మూడోసారి అవుతుంది. మీకు అప్పటికే కూట్, గ్రీబ్, షోవెలర్ తెలుసు కాబట్టి, లీడర్ చెప్పేదాంట్లో కొత్తవే చెవికెక్కుతాయి. సోమవారమే గ్రూప్‌తో వెళ్ళి ఉంటే గంటలో నలభై పేర్లు విని నలభైనీ మర్చిపోయేవారు. అందుకే వాక్‌ని వారం చివర్లో పెట్టమంటున్నాను.

వాక్ పెట్టేవాళ్ళని ముందే ఎంతమంది వస్తున్నారో అడగండి. ఇరవై అయితే బాగుంటుంది. ఒకసారి ఒక చోట అరవై మంది వచ్చారు, ఎర్ర టీషర్టులు, గ్రూప్ ఫోటో, స్పీకర్లో పిట్ట గొంతు పెట్టి పిలవడం. ఆ రోజు మేము చూసిన ముఖ్యమైన జంతువు మనిషి. రికార్డింగ్ వాయించే వాక్‌కి మళ్ళీ వెళ్ళకండి. ఆ గొంతు విని పిట్టలు తమ చోటుకి ఇంకో పిట్ట వచ్చిందనుకుంటాయి, గూడు పెట్టే వేళలో వాటి పొద్దంతా ఆ లేని శత్రువుని వెతకడంలోనే పోతుంది.

మంచి గ్రూప్‌లో పద్ధతి ఇలా ఉంటుంది. వేలితో చూపిస్తే ఎవరికీ తెలియదు, అందుకని "ఆ ఎండు తుమ్మ, దాని ఎడమ కొమ్మ, పదకొండు గంటల దగ్గర" అంటారు. గడియారం ముల్లు దిక్కు అన్నమాట. స్కోప్ (స్టాండు మీద నిలబెట్టే టెలిస్కోప్) పెట్టినప్పుడు పిల్లల్ని ముందుకి పిలుస్తారు. అర్థం కాకపోతే అడగండి, కానీ లీడర్ బైనాక్యులర్స్ కంటికి పెట్టుకుని ఉన్నప్పుడు కాదు. చివర్లో అందరూ గట్టు మీద కూర్చుని, ఎవరో తెచ్చిన ఇడ్లీలు తింటూ, ఆ పూట లిస్ట్ పైకి చదువుతారు. "లిటిల్ కార్మొరెంట్?" "నలభై." "గ్రే హెరాన్?" "ఆరు. కాదు, ఏడు, గట్టు అవతల ఇంకోటి." అది తప్పించుకుని తొందరగా వెళ్ళిపోకండి. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఇడ్లీల దగ్గరే. అక్కడే ఎవరో 2025లో మొదలైన హైదరాబాద్ బర్డ్ అట్లాస్ సంగతి ఎత్తుతారు, ఊరిని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి గడి గడికీ వెళ్ళి లెక్క రాసే పని. ఒక గడి తీసుకుంటారా అని అడిగితే వెంటనే సరే అనకండి, ఇంకో ఏడాది ఆగండి.

కెమెరా గురించి అడిగారు. ఈ వారం వద్దు. బైనాక్యులర్స్‌తో చూడటం అలవాటు కాకముందే కెమెరా పట్టినవాళ్ళు ఇంటికెళ్ళి తెరమీద పిట్టల్ని చూస్తారు.

తీసుకెళ్ళాల్సినవి: నీళ్ళు, టోపీ, పాపకి స్వెట్టర్ (ఫిబ్రవరి పొద్దున స్కూటీ మీద చలేస్తుంది), చిన్న నోట్‌బుక్, పెన్ను కాకుండా పెన్సిల్. మట్టిరంగో ఆకుపచ్చో బట్టలు. గట్ల మీద కుక్కలుంటాయి, పరుగెత్తకండి. మొసళ్ళ భయం అమీన్‌పూర్‌లో లేదు, అది మంజీర సంగతి.

తర్వాతి సోమవారం మీ ఆఫీసు, పాప బడి మొదలైపోతాయి, కానీ కౌంట్‌కి అది ఆఖరి రోజు. ఏడుకి బాల్కనీలో టీ పట్టుకుని పదిహేను నిమిషాలు ఇద్దరూ నిలబడండి. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందండీ అనకండి. గద్దలు రెండు, పిగిలిపిట్ట ఒకటి, కరెంటు తీగ మీద గోరింకలు, ఎక్కడో కోయిల, ఏసీ డబ్బా మీద పావురాలు. పావురాల్ని కూడా లెక్కపెట్టి రాయండి.